‘నువ్వు నాకు క్లయింట్ కంటే ఎక్కువ’: థెరపీలో నా అనుభవం

నా మొదటి థెరపిస్టు మంచి మనిషే. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే థెరపిస్టు హద్దు దాటారు అనగానే వినేవాళ్ల ఆలోచన ఒకే ఒక్క చోటికి పోతుంది. నా విషయంలో అలాంటిదేమీ జరగలేదు. ఆవిడ నాతో అసభ్యంగా ప్రవర్తించలేదు, డబ్బు కాజేయలేదు, పల్లెత్తు మాట అనలేదు. మొదట్లో నాకు నిజంగానే సాయం చేశారు. అయినా ఆవిడ దగ్గర నుంచి బయటపడి, ఫిర్యాదు చేసి, ఇంకొకరి దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేసరికి నేను బాగా అలసిపోయాను. ఆ రోజుల్లో ఇలాంటి అనుభవం ఎవరైనా రాశారేమో అని చాలా వెతికాను. పెద్ద పెద్ద ఘోరాల గురించి దొరికాయి కానీ, ఇంత నెమ్మదిగా, ఇంత ప్రేమగా జరిగేదాని గురించి దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నాన్న పోయాక నాకు నిద్ర కరువైంది. రాత్రి గుండె దడ, పొద్దున్న లేవగానే కడుపులో గుబులు. నేను పుస్తకాలు, వ్యాసాలు ఎడిట్ చేసి బతుకుతాను. వాక్యం మీద చూపు నిలవకపోతే నా పని నడవదు. చదివిన పేరానే మళ్లీ చదువుతూ ఒక సాయంత్రమంతా గడిచిపోయాక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మందు రాసి, థెరపీకి కూడా వెళ్లమన్నారు.

మొదటి కొన్ని నెలలు చాలా బాగా నడిచింది. దడ వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా ఎలా వదలాలో ఆవిడే నేర్పారు. నాన్న మీద నాకున్న కోపం గురించి నోరు విప్పి మాట్లాడింది ఆ గదిలోనే. పోయినవాళ్ల మీద కోపం ఉండటం పాపం కాదని ఆవిడ చెప్పినప్పుడు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ ఋణం నేను మర్చిపోలేదు.

తర్వాత జరిగిందంతా కొంచెం కొంచెంగా జరిగింది. 50 నిమిషాల సెషన్ గంటంపావు అయ్యేది. ఆ రోజుకి ఆఖరి క్లయింట్‌ని నేనే కాబట్టి "పర్లేదు, కూర్చోండి" అనేవారు. కొన్నాళ్లకు మీరు పోయి నువ్వు వచ్చింది. "మేడమ్ ఏంటి, అక్కా అను" అన్నారు. అన్నాను. రాత్రిపూట మెసేజ్‌లు మొదలయ్యాయి. మొదట్లో నేను ఎలా ఉన్నానో అడగడానికి, ఆ తర్వాత తను ఎలా ఉన్నారో చెప్పడానికి. ఆవిడ అప్పుడు భర్తతో విడిపోతున్నారు. లాయరు ఏమన్నాడు, వాయిదా ఎప్పుడు, పిల్లాడు ఎలా తట్టుకుంటున్నాడు, అన్నీ నాకు తెలుస్తుండేవి.

చివరికి ఎలా తయారైందంటే, గదిలోకి వెళ్లి కూర్చోగానే "వాయిదా ఏమైంది అక్కా?" అని నేనే అడిగేదాన్ని, సెషన్లో సగం ఆ కబుర్లతోనే గడిచిపోయేది. ఒకసారి లేచి వచ్చేస్తుంటే "నీతో మాట్లాడితే నాకూ గుండె బరువు దిగుతుంది" అన్నారు. ఆ వారమంతా నేను గాల్లో తేలాను. ఒకరికి అక్కరకొచ్చామన్న సంతోషం అది. ఆ సంతోషం నాకు చిన్నప్పటి నుంచీ బాగా అలవాటున్నదని, నా గుబులుకు దానికీ సంబంధం ఉందని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉండాల్సింది ఆవిడకు.

ఆవిడకు వ్యాసాలు రాసి పుస్తకంగా తేవాలని కోరిక. "నువ్వు ఎడిటర్‌వి కదా, ఒకసారి చూసి పెడతావా? నీ దగ్గర ఫీజు తీసుకోవడం నాకూ ఇబ్బందిగానే ఉంది. దానికీ దీనికీ చెల్లు" అన్నారు. ఆ నెల నుంచి ఫీజు కట్టడం ఆగిపోయింది, ఫైళ్లు రావడం మొదలైంది.

ఏ రచనైనా ముందు ఒకసారి చేయి పెట్టకుండా చదువుతాను. దిద్దడం రెండో చదువులో. మూడో వ్యాసం ఒక క్లయింట్ కథ. పేరు మార్చారు, ఊరు చెప్పలేదు. కానీ ఆ మనిషి చేసే ఉద్యోగం, ఇంట్లో జరిగిన ప్రమాదం, ఒక కాలికి మాత్రం వేసుకునే ఎత్తు మడమ బూటు, అన్నీ ఉన్నాయి. ఆ బూటు నాకు తెలుసు. నా ముందు సెషన్ ఆయనదే. ప్రతి వారం తలుపు దగ్గర ఎదురుపడి ఒకరికొకరం తల ఊపేవాళ్లం. ఆయన ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని సంగతి ఒకటి ఇప్పుడు నా స్క్రీన్ మీద ఉంది. పైగా ఆ పేరా పక్కన మార్జిన్‌లో ఆవిడ నాకో కామెంట్ పెట్టారు: "ఇక్కడ ఇంకాస్త కదిలించేలా రాయొచ్చా?"

దానికింద "వీరి అనుమతి తీసుకున్నారా?" అని టైప్ చేశాను. చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను. ఆ తర్వాత ఫైళ్లన్నీ తెరిచి నా కోసం వెతికాను. ‘నాన్న’ అని కొట్టాను, ‘నిద్ర’ అని కొట్టాను, ‘ఎడిటర్’ అని కొట్టాను. నేను లేను. ఇప్పటికైతే లేను అనుకున్నాను.

తర్వాతి సెషన్లో అడిగేశాను. ఆవిడ నొచ్చుకున్నారు. "పేరు మార్చాను కదా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. "నాకు తెలిసింది కదండీ" అన్నాను. నా నోట మళ్లీ ‘అండీ’ వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. కాసేపు మాటల్లేవు. ఆ తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుంటూ "నువ్వేమైనా బయటి మనిషివా? నువ్వు నాకు క్లయింట్ కంటే ఎక్కువ" అన్నారు.

ఆ మాట వినాలని నెలల తరబడి ఎంత ఆశపడ్డానో విన్నాకే తెలిసింది. వినగానే ఒళ్లు చల్లబడింది. నేను క్లయింట్‌ని కాకపోతే మరి నాకు థెరపిస్టు ఎవరు? నాన్న గురించి నేను మాట్లాడి ఎన్నాళ్లైంది? టేబుల్ మీద టిష్యూ పెట్టె ఎప్పుడూ నా వైపు ఉండేది. ఆ రోజు దాన్ని ఆవిడ వైపు జరిపింది నేను. ఆవిడను ఓదార్చి, అంతా సర్దుకుంటుందని చెప్పి బయటికి వచ్చాను.

నాకు ఏదైనా అర్థం కాకపోతే చదువుతాను. ఆ వారం అదే చేశాను. అన్నిటికంటే నాకు పనికొచ్చింది థామస్ గుథైల్, గ్లెన్ గబ్బార్డ్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 1993లో రాసిన వ్యాసం. థెరపీలో హద్దులు ఏయే చోట్ల ఉంటాయో వాళ్లు విడమరిచి చెప్పారు: ఎవరి పాత్ర ఏమిటి, సమయం, చోటు, డబ్బు, కానుకలు, ఒకరికొకరు చేసుకునే పనులు, బట్టలు, మాట తీరు, థెరపిస్టు తన సొంత సంగతులు చెప్పుకోవడం, తాకడం. బట్టలు, తాకడం, చోటు పక్కన పెడితే మిగతావన్నీ నా కథే. ఒక్కో మాట దగ్గర ఆగి, అది మా మధ్య ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుంటూ చదివాను.

అదే వ్యాసంలో ఇంకో తేడా చూపించారు. మామూలు పద్ధతి నుంచి ఎప్పుడైనా కాస్త పక్కకు జరగడం వేరు, క్లయింట్‌కి చేటు చేసే ఉల్లంఘన వేరు. మొదటిది ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. అది జరిగాక ఇద్దరూ కూర్చుని దాని గురించి మాట్లాడుకోగలుగుతారు. రెండోదాంట్లో క్లయింట్‌ని వాడుకోవడం ఉంటుంది. ఆవిడ ఒక్కరోజు అదనంగా పావుగంట ఇచ్చి ఉంటే నాకు మేలే జరిగేది. ఆ పావుగంట తన కోసం అవసరమవడం మొదలయ్యాక సంగతి మారిపోయింది. నాకు చాలా ఊరటనిచ్చిన విషయం ఇది. ఆవిడ ఆప్యాయతంతా అబద్ధం అనుకోవాల్సిన పని లేకుండానే జరిగింది తప్పని ఒప్పుకోవడానికి వీలు దొరికింది.

"దానికీ దీనికీ చెల్లు" అన్న మాట గురించి కూడా చూశాను. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (అక్కడి సైకాలజిస్టుల సంఘం) నియమావళి ఫీజుకు బదులు వస్తువో పనో తీసుకోవడాన్ని మొత్తానికి మొత్తంగా నిషేధించలేదు. చికిత్సకు అడ్డు రాకూడదు, దోపిడీ కాకూడదు అని రెండు షరతులు పెట్టింది. వినడానికి చిన్న షరతుల్లా ఉన్నాయి కానీ నా విషయంలో రెండూ నిలబడవు. నేను చేసిన పని నచ్చకపోతే ఆవిడ నాతో ఏమంటారు? ఆవిడ సెషన్ నాకు నచ్చకపోతే, ఫీజు కట్టని నేను ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? డబ్బు కడుతున్నన్నాళ్లూ ఆ గంట నాది. కట్టడం మానేసిన రోజు నుంచి అది ఆవిడ నాకు చేస్తున్న మేలు అయిపోయింది. క్లయింట్ల సంగతులు రచనల్లో వాడుకోవడం గురించీ అందులో స్పష్టంగా ఉంది: మనిషిని ఎవరూ పోల్చుకోలేనంతగా వివరాలు మార్చాలి, లేదా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, లేదా చట్టం ప్రకారం అధికారం ఉండాలి. ఒక్క పేరు మారిస్తే సరిపోదు.

శారీరక సంబంధం గురించిన నియమం నాకు నేరుగా సంబంధించింది కాకపోయినా, అందులోని తర్కం నా కళ్లు తెరిపించింది. ఆ నియమావళి ప్రకారం ప్రస్తుత క్లయింట్‌తో అది పూర్తిగా నిషేధం. చికిత్స ముగిశాక కూడా కనీసం 2 ఏళ్లు దాటాలి, ఆ తర్వాతైనా చాలా అరుదైన పరిస్థితుల్లో తప్ప కుదరదు, అందులో దోపిడీ లేదని నిరూపించుకోవాల్సిన భారం థెరపిస్టుదే. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళిలో ఆ గడువు 5 ఏళ్లు. ముగిసిపోయిన చికిత్సకు ఇన్నేళ్ల గడువు ఎందుకు? తలుపు మూసి బయటికి వచ్చినంత మాత్రాన ఎక్కువ తక్కువలు సమానం అయిపోవు కాబట్టి. నా భయాలు ఆవిడకు తెలుసు. నేను దేనికి పొంగిపోతానో, దేనికి కుంగిపోతానో తెలుసు. ఆవిడ గురించి నాకు తెలిసినవి, ఆవిడ ఎంచుకుని చెప్పినవి మాత్రమే.

సైకోఎనాలిసిస్ (మనోవిశ్లేషణ) అనే చికిత్సకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1915లోనే ఈ మాట ఇంకో రకంగా రాశాడు. రోగికి డాక్టరు మీద ప్రేమ కలిగితే అది తన గొప్పతనం చూసి కలిగిందని డాక్టరు మురిసిపోకూడదు, ఆ చికిత్స పరిస్థితే దాన్ని పుట్టిస్తుంది అని ఆయన హెచ్చరిక. అదే ఫ్రాయిడ్ 1918లో తన సొంత కూతురు ఆనాకే సైకోఎనాలిసిస్ మొదలుపెట్టాడు. నియమం రాసినంత తేలిక కాదు దాన్ని నిలబెట్టుకోవడం. ఇది తెలిశాక నా థెరపిస్టు మీద కోపం కాస్త తగ్గింది. జాగ్రత్త మాత్రం పెరిగింది.

ఒక స్నేహితురాలికి చెప్తే "నువ్వూ ఊఁ అన్నావుగా" అంది. మంచి మనసుతోనే అంది. ఆ మాటతో చాలా రాత్రులు గడిపాను. ఇప్పుడు నా జవాబు ఒకటే. క్లయింట్ ఏదైనా అడగొచ్చు, ఏదైనా ఆశించవచ్చు. థెరపిస్టు ఫోన్ నంబరు, స్నేహం, ప్రేమ, అన్నీ. అవన్నీ ఆ గదిలోకి రావాల్సినవే, మాట్లాడుకోవాల్సినవే. హద్దు కాపాడే పని మాత్రం క్లయింట్‌ది కాదు. ఆ పని చేయగలిగే స్థితిలో ఉంటే నాకు థెరపీ అవసరమే ఉండేది కాదు.

ఆవిడకు ఈమెయిల్ రాశాను. ఇకమీదట రానని, నా రికార్డుల నకలు కావాలని, నా సంగతులు ఏ రచనలోనూ వాడటానికి అనుమతి లేదని. అంతే రాశాను. జవాబుగా ఫోన్లు వచ్చాయి, "నీ కోసం ఎంత చేశాను" అని ఒక పెద్ద మెసేజ్ వచ్చింది. రికార్డులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. మొదటి నెలల నోట్సు నిండుగా ఉంది. నేను అన్న మాటలు, ఆవిడ గమనించినవి, తర్వాత ఏం చేయాలో. రానురాను ఒక్కో సెషన్‌కి ఒక్కో వాక్యం. ఆఖరి నెలలకు వచ్చేసరికి తేదీ, దాని పక్కన ‘మామూలు సెషన్’ అన్న రెండు మాటలు. నా చికిత్స నేను మానేసినప్పుడు ఆగలేదు, దానికి చాలా ముందే ఆగిపోయిందని ఆ కాగితాలు చూశాకే అర్థమైంది.

ఫిర్యాదు చేయాలా వద్దా అని చాలా కొట్టుకున్నాను. నా ఒక్కరి సంగతే అయితే బహుశా ఊరుకునేదాన్నేమో. కానీ ఆ బూటు వేసుకునే పెద్దమనిషి రహస్యం నా దగ్గర ఉండిపోయింది. ఆయనకు చెప్పాలా? చెప్తే, ‘మీ సంగతి నాకు తెలుసు’ అని ముఖం మీద అన్నట్టే. చెప్పకపోతే ఆ వ్యాసం రేపు అచ్చవుతుంది. ఆయన నమ్మి చెప్పుకున్నది నాకు కాదు. తనకు తెలియకుండానే ఆయన ఒక అపరిచితురాలి ముందు గుట్టు బయటపెట్టుకున్నట్టయింది. ఈ ఇరకాటం నాకు తెచ్చిపెట్టింది కూడా ఆవిడే.

చివరికి ఆవిడ సభ్యత్వం ఉన్న వృత్తి సంఘానికి ఫోన్ చేసి, పేర్లు చెప్పకుండా ముందు సలహా అడిగాను. అక్కడ మాట్లాడినావిడ ఓపిగ్గా విన్నారు. ఆయనను నేను కలవాల్సిన పని లేదని, ఫిర్యాదులో ఆ విషయం ప్రస్తావిస్తే చాలని, వ్యాసం మొత్తం జత చేయొద్దని, అందులో ఇతరుల వివరాలు ఉన్న చోట నల్లగా కొట్టి పంపమని చెప్పారు. నా పని నాకు అప్పుడు అక్కరకొచ్చింది. ఎడిటర్‌గా ఒక రచనలో వాక్యం వెనక వాక్యం నల్లరంగుతో కప్పేయడం అదే మొదటిసారి.

ఫారంలో ఏం జరిగిందో తేదీల వరుసలో రాయమన్నారు. అభిప్రాయాలు వద్దు, జరిగింది రాయండి అన్నారు. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, ఫీజు రసీదులు, ఫీజు ఆగిపోయిన నెల నుంచి వచ్చిన ఫైళ్ల పేర్లు పెట్టాను. తర్వాత వచ్చింది అసలు కష్టం. విచారణ జరగాలంటే నా రికార్డులు కమిటీ చూడటానికి నేను ఒప్పుకోవాలి. గోప్యత చెడిందని ఫిర్యాదు చేయడానికి నా గోప్యతే నేను వదులుకోవాలి. కాగితం మీద సంతకం పెట్టలేక చాలా రోజులు అట్టే పెట్టేశాను. ఆఖరికి తేదీలు, ఫీజు వివరాలు, మా మధ్య నడిచిన మెసేజ్‌లు వరకే అనుమతి ఇస్తానని రాశాను. అలా పరిమితం చేయొచ్చని నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అడిగితే ఒప్పుకున్నారు.

ఆవిడ సమాధానం నకలు నాకూ వచ్చింది. నేను ఇతరుల మీద అతిగా ఆధారపడే క్లయింట్‌నని, ఆవిడ దయను అపార్థం చేసుకున్నానని అందులో ఉంది. నేను కుర్చీలో కూర్చుని చెప్పుకున్న బలహీనతే నా మీదికి తిప్పి రాశారు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను బాగా గాయపరిచింది ఆ ఒక్క వాక్యమే. కమిటీ మాత్రం దాని మీద ఆగలేదు. ఆవిడ కొంతకాలం ఒక సీనియర్ పర్యవేక్షణలోనే ప్రాక్టీసు చేయాలని, వృత్తి నీతి మీద శిక్షణ తీసుకోవాలని, ఆ వ్యాసాలు ప్రచురించకూడదని తేల్చింది. ఆ పెద్దమనిషికి తెలియజేసే బాధ్యత తమదని నాకు రాశారు. ఆ ఉత్తరం అందాక నా కంప్యూటర్లో ఫైళ్లన్నీ పూర్తిగా తీసేశాను.

శిక్ష తక్కువైందని కొందరు అన్నారు. నాకు అలా అనిపించలేదు. సొంత జీవితంలో తుఫాను నడుస్తున్నప్పుడు, అది పనికి అడ్డు వచ్చేలా ఉంటే థెరపిస్టు సలహా తీసుకోవాలి, అవసరమైతే పని తగ్గించుకోవాలి లేదా ఆపాలి అని నియమావళులే చెప్తున్నాయి. ఆవిడ గోడు వినడానికి ఒక మనిషి ఉండాల్సింది. ఆ మనిషి నేను కాకూడదు.

రెండో థెరపిస్టును వెతుక్కునేటప్పుడు ముందు ఫోన్లోనే అన్నీ అడిగాను. చదువు, రిజిస్ట్రేషన్, సూపర్విజన్‌కి (తన పని గురించి ఒక సీనియర్‌తో చర్చించడానికి) వెళ్తారా, క్లయింట్ల గురించి రాస్తారా, సెషన్ల మధ్య మెసేజ్‌లకు జవాబిస్తారా. ఒకాయన నా ప్రశ్నలకు విసుక్కున్నారు, అక్కడితో సరి. ఈయన విసుక్కోలేదు. "ఇవి అడగాల్సిన ప్రశ్నలే" అని ఒక్కోదానికీ జవాబు చెప్పారు. మొదటి సెషన్లో కన్సెంట్ ఫారం చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని పక్కన పడేయకుండా, నాతో కలిసి చదివారు. గోప్యతకు ఎక్కడ మినహాయింపు ఉందో చెప్పారు: నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే, పిల్లల మీద హింస జరుగుతుంటే, కోర్టు ఆదేశిస్తే. వీటిలో ఇంకొకరి ప్రాణం అన్న మాట వెనక ఒక హత్య ఉంది. 1969లో కాలిఫోర్నియాలో తతియానా తారాసాఫ్ అనే అమ్మాయిని చంపిన యువకుడు ఆ ఉద్దేశం ముందే తన థెరపిస్టుకు చెప్పాడు. ఆ కేసులో 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడటానికి తగిన చర్య తీసుకోవాల్సిన బాధ్యత థెరపిస్టుకు ఉందని తీర్పు చెప్పింది. రహస్యం ఎక్కడ ఆగుతుందో ముందే తెలిస్తే భయం పెరుగుతుందనుకున్నాను. తగ్గింది.

బయట ఎక్కడైనా ఎదురుపడితే తను ముందుగా పలకరించనని, నేను పలకరిస్తే పలకరిస్తానని చెప్పారు. నా పక్కన ఎవరున్నారో, వాళ్లకు నేను చెప్పానో లేదో ఆయనకు తెలియదు కదా.

మొదట్లో ఆయన నాకు అస్సలు నచ్చలేదు. టైము అవగానే, నేను వాక్యం మధ్యలో ఉన్నా, "ఈ రోజుకి ఇక్కడ ఆపుదాం" అనేవారు. మెసేజ్ పెడితే అపాయింట్‌మెంట్ సంగతి వరకే జవాబు. ఈ మనిషికి మనసు లేదా అనుకునేదాన్ని. ఒకరోజు ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నేను మాట ఆపేసి, నా బ్యాగులో నీళ్ల సీసా తీసి, ఈ రోజుకి వద్దులెండి, విశ్రాంతి తీసుకోండి అన్నాను. ఆయన తన గ్లాసులో నీళ్లు తాగి, "థాంక్సండీ, నాకేం పర్లేదు. నేను దగ్గగానే మీరు చెప్తున్న విషయం వదిలేశారు. మీకు ఏమనిపించింది?" అని అడిగారు.

ఏమీ అనిపించలేదన్నాను. ఆయన ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో నాకు అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ముందు అమ్మ ముఖం చూసేదాన్ని. అమ్మ బాగుంటేనే నా సంగతులు చెప్పేదాన్ని. బాగోకపోతే పుస్తకాల సంచి మూల పెట్టి అమ్మ పక్కన కూర్చునేదాన్ని. నాన్న పోయాకా అదే జరిగింది. అమ్మ ఏడుస్తుంది కాబట్టి నేను ఏడవలేదు. నాకు నిద్ర పట్టకపోవడానికి మూలం అక్కడే ఉంది. నేను చికిత్సకు తీసుకెళ్లిన అసలు జబ్బు అది. మొదటి థెరపిస్టు దగ్గర అది బయటపడే వీలే లేకపోయింది, ఎందుకంటే అక్కడ ఆ జబ్బు ఒక పనికి ఉపయోగపడింది. నా చెవి, నా ఓర్పు, నా ఎడిటింగ్ ఆవిడకు కావాల్సి వచ్చాయి. ఈయనకు నా నీళ్ల సీసా అక్కర్లేదు కాబట్టే నేను దాన్ని ఎందుకు తీశానో ఇద్దరం చూడగలిగాం.

అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఈయనే తన పద్ధతి సడలించారు. ఆ వారం గదికి రాలేనంటే, ఆసుపత్రి కారిడార్లోంచే ఫోన్లో సెషన్ చేద్దామన్నారు, అవసరమైతే మధ్యలో ఒకసారి చిన్న కాల్ చేయొచ్చన్నారు. తర్వాత మామూలుగా కలిసినప్పుడు మొదట దాని గురించే మాట్లాడాం. ఆ కాల్ నాకు ఎలా పనికొచ్చింది, ఇకమీదట అలాగే ఉంటుందని ఆశ పుట్టిందా అని అడిగారు. పుట్టిందని చెప్పాను. చెప్పగలిగాను, అదే నాకు గొప్పగా అనిపించింది.

ఇప్పటికీ ఆయన దగ్గరికే వెళ్తున్నాను. ఆయనకు పిల్లలున్నారో లేదో నాకు తెలియదు.

ఇది చదువుతూ ‘నా సెషన్లూ ఇలాగే ఉన్నాయే’ అని ఎవరికైనా అనిపిస్తే, ముందు మెసేజ్‌లు డిలీట్ చేయకండి. కోపంలోనూ చేయకండి, సిగ్గుతోనూ చేయకండి. వీలైతే మీ థెరపిస్టుతోనే నేరుగా ఒకసారి మాట్లాడి చూడండి. మంచి థెరపిస్టు తన పొరపాటును తనే విప్పి చూసుకుంటారు, అక్కడితో బాగుపడిన సంబంధాలూ ఉంటాయి. మీ మాటకు వాళ్లు ఏడిస్తే, అలిగితే, మిమ్మల్నే తప్పు పడితే, మీకు జవాబు దొరికినట్టే. రికార్డుల నకలు రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు చేసే ఆలోచన ఉంటే గడువు ఎంతో ముందు కనుక్కోండి, చాలా సంఘాలు కాలపరిమితి పెడతాయి. చేయాలా వద్దా అన్నది కొత్త థెరపిస్టు తేల్చకూడదు. నా విషయంలో ఆయన తేల్చలేదు, రెండింటిలో ఏది చేసినా పక్కనే ఉంటానన్నారు. థెరపీ మధ్యలో ఆగిపోయినా, మందులు మాత్రం రాసిన డాక్టరును అడగకుండా ఆపొద్దు. కొత్తవారు దొరికేదాకా పట్టే ఆ ఖాళీ వారాల్లో నన్ను నిలబెట్టింది ఆ మందులూ, ప్రతి ఆదివారం ఏమీ అడగకుండా వచ్చి కూర్చున్న ఆ స్నేహితురాలే. ‘ఊఁ అన్నావుగా’ అన్న అమ్మాయే.